మీకు తెలుసా? లినక్స్ ఫోల్డర్‌కూ గడప ఉంటుంది!

లినక్స్‌లో ప్రతి ఫోల్డర్ అనుమతులనూ యజమాని, గ్రూపు, ఇతరులు అని మూడు వర్గాలకు పంచుతారు. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి వెళ్లడానికి 1. ఒక్కో వర్గానికి వీటిని కూడి, వచ్చిన అంకెలను వరుసగా రాస్తే అదే అనుమతి సంఖ్య. 750 అంటే యజమానికి అన్నీ, గ్రూపుకు చూడడం, వెళ్లడం, ఇతరులకు ఏమీ లేదు.

• చదివే అనుమతి ఒక్కటే ఉంటే లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, కానీ ఒక్క ఫైలూ తెరుచుకోదు. గడప దాటడానికి ఆ 1 ఉండాల్సిందే.

• ఫైలును తొలగించడానికి ఆ ఫైలు మీద హక్కు అక్కర్లేదు. అది ఉన్న ఫోల్డర్‌లో రాసే, వెళ్లే అనుమతులుంటే సాధారణంగా చాలు!

• అందుకే అందరూ వాడే టెంప్ ఫోల్డర్‌కు 1777 పెడతారు. ముందున్న 1 పేరు స్టికీ బిట్. అది ఉంటే పక్కవాళ్ల ఫైళ్లను మామూలు యూజర్లు తీసేయలేరు.

• అకౌంట్స్ బృందం కలిసి వాడే ఫోల్డర్‌కు 2770 పెట్టి చూడండి. ముందున్న 2 వల్ల అందులో ఎవరు కొత్త ఫైలు సృష్టించినా అది ఫోల్డర్ గ్రూపుకే చెందుతుంది. ఆ ఫైలును మిగతావాళ్లూ మార్చాలంటే యూమాస్క్ (కొత్త ఫైలుకు ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సంఖ్య) 002 లాంటిది ఉండాలి.

• ఫోల్డర్‌కు సొంత గ్రూపు ఒక్కటే. ఆడిటర్ల వంటి రెండో గ్రూపుకు చూసే హక్కు మాత్రమే ఇవ్వాలంటే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ ఆదేశం ఉంది.

పని జరగడం లేదని తొందరపడి 777 కొట్టకండి. అది ఇంటి తలుపులు బార్లా తెరిచి ఊరెళ్లడమే. ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వండి.