పర్సు మూసేవాడు… పార్సిమోనియస్!

నరసాపురం అమ్మాయి నోట్‌బుక్కులో ఇంగ్లిషు మాటలకు తెలుగు కొక్కేలు

గురువారం సాయంత్రానికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలంటూ ఎడిటర్ గారు ఒక కాగితం చేతిలో పెట్టారు. పెద్ద పెద్ద ఇంగ్లిషు మాటల్ని చైనా పిల్లలు ఎలా గుర్తుపెట్టుకుంటారో అందులో ఉంది. 'అంబులెన్స్'ను వాళ్లు 'ఆన్ బు నెంగ్ స్' అని సాగదీస్తారు. చైనీస్‌లో దానికి అర్థం 'నేను చావకూడదు' అని. 'ఎకానమీ' వాళ్ల నోట 'యీ కావ్ నోంగ్ మిన్' అవుతుంది. దానికి అర్థం 'రైతుల మీద ఆధారపడు'. వరిచేల మధ్య పెరిగినవాళ్లెవరికైనా ఈ రెండోది ఒక్కసారి వింటే చాలు, మనసులో నిలిచిపోతుంది. "మన గోదావరి పిల్లలు ఏం చేస్తున్నారో చూసి రాయండి" అన్నారు ఎడిటర్ గారు.

నరసాపురంలో కోచింగ్ సెంటర్ల గురించి, ఫీజుల గురించి, అమెరికా వెళ్లినవాళ్ల లెక్కల గురించి రాద్దామనే బయల్దేరాను. కానీ ఒక నోట్‌బుక్ చూశాక మిగతావన్నీ వెనక్కి పోయాయి.

ఆ నోట్‌బుక్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిది. పేరు రాయొద్దంది. వాళ్లమ్మ లేసు అల్లుతుంది. అమెరికాలో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం ఆ అమ్మాయి లాంగ్ నోట్‌బుక్కులో పేజీకి మూడు గళ్లు గీసుకుంది. మొదటి గడిలో ఇంగ్లిషు మాట. రెండో గడిలో దాని ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో. మూడో గడే అసలు సంగతి. అక్కడ అర్థం కంటే ముందు ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేనికి మాటను తగిలిస్తే మళ్లీ జారిపోదు.

'పార్సిమోనియస్' అంటే పిసినారి. మూడో గడిలో 'పర్సు మూసేవాడు' అని ఉంది. 'లోక్వేషస్' అంటే వాగుడుకాయ. 'లోకమంతా వినేట్టు మాట్లాడేది' అని రాసుకుంది. 'టాసిటర్న్' దానికి ఎదురు, నోరు విప్పని మనిషి. 'టాక్ చెయ్యడు, టర్న్ అయిపోతాడు' అని దానికి గుర్తు. 'చికానరీ' అంటే మాయమాటలతో మోసం చేయడం. 'చికెన్ అని పిలిచి వంకాయ వడ్డించడం' అని దాని ఎదురుగా ఉంది. 'ప్లకేట్' దగ్గర 'ప్లేట్లో కేక్ పెట్టి బుజ్జగించడం'. 'అలాక్రిటీ' దగ్గర మాత్రం ఎర్ర ఇంకుతో హెచ్చరిక: 'అలక కాదు! అడగ్గానే ఉత్సాహంగా చేసెయ్యడం.'

"తెలుగులో పెట్టుకుంటే మర్చిపోనండి. ఇంగ్లిషు మాటకి ఇంగ్లిషులోనే అర్థం చదివితే పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదండి" అంది. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ చేతిలో అల్లిక ఆపకుండానే అందుకుంది. "పర్సు మూసేవాడంటే మాకు తెలీకపోవడం ఏంటండీ, ఆయ్! లేసు తీసుకెళ్లి డబ్బులివ్వడానికి తిప్పించుకునే ఏజెంటే కదండీ." కూతురు నవ్వి ఆ మాట కూడా మూడో గడిలో ఇరికించింది. ఏ నిఘంటువులోనూ దొరకని ఉదాహరణ అది.

నోట్‌బుక్ సగం దాటాక పద్ధతి మారింది. ఇక్కడి నుంచి నేను పేజీలు నెమ్మదిగా తిప్పాను.

'మోరిబండ్' అంటే చావుకు దగ్గరపడినది. ముందు 'మరి బంద్' అని రాసుకుంది, ఎప్పటిలాగే. దాని కింద వేరే ఇంకుతో 'మరణం!!' అని రెండు ఆశ్చర్యార్థకాలు. అక్కడి నుంచి ఆ అమ్మాయికి మెలకువ వచ్చినట్టుంది. 'అనానిమస్' ఎదురుగా 'అనామకం' అని ఒక్క మాటే ఉంది. 'డెక్స్‌టెరిటీ' ఎదురుగా 'దక్షత'. 'వొసిఫరస్' ఎదురుగా 'వాక్కు'. 'సామ్నొలెంట్' ఎదురుగా 'స్వప్నం', పక్కనే 'నిద్రమత్తు'. 'ప్రోగ్నోసిస్' దగ్గర 'ప్రజ్ఞ' అని రాసి ప్రశ్న గుర్తు పెట్టింది. రోగం ఇక ఎటు పోతుందో ముందే చెప్పే డాక్టరు మాటకూ మన ప్రజ్ఞకూ చుట్టరికం ఉంటుందంటే తనకే నమ్మకం కుదరలేదట.

ఉంది. 'ప్రో' మన 'ప్ర', 'గ్నో' మన 'జ్ఞా'. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పినప్పటి నుంచి పండితులకు తెలిసిన విషయమే ఇది. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో మద్రాసులో కలెక్టరు ఎల్లిస్ చూపించాడు. అయినా వందల ఏళ్లుగా మనం ఇంట్లో పెట్టుకుని వాడుకుంటున్న తత్సమాలు ఆ పాత చుట్టరికాన్ని మన పిల్లల నాలుక మీదికి తెచ్చిపెట్టాయి. ఇంగ్లిషులో భయపెట్టే మాటల్లో పెద్ద భాగం లాటిన్, గ్రీకుల నుంచి వచ్చినవే. 'అగ్నాస్టిక్' అనే మాటను 1869లో శాస్త్రవేత్త హక్స్‌లీ పుట్టించాడు. దేవుడున్నాడో లేడో తెలుసుకోవడం సాధ్యం కాదనేవాడికి ఆ పేరు. అందులోని 'అ', 'గ్నా' మన 'అజ్ఞ'లోవే. 'మాగ్నానిమస్'లో 'మాగ్నస్' మన 'మహా'కు దాయాది, 'అనిమస్' మన 'అనిలం'లోని ఊపిరికి దాయాది. గ్రీకు దేవతలు తిన్న 'ఆంబ్రోసియా' అక్షరాలా మన అమృతమే. రెండింటికీ చావు లేనిదనే అర్థం.

నాకు ఈ రెండో పద్ధతి మీదే మమకారం. పర్సు మూసేవాడు పరీక్ష రోజు గట్టెక్కిస్తాడు, కాదనను. కానీ ఆ కొక్కేనికి వేలాడేది ఒక్క మాటే. 'జ్ఞా' తెలిసిన పిల్లకు 'డయాగ్నోసిస్', 'కాగ్నిటివ్', 'రికగ్నైజ్', 'ఇన్‌కాగ్నిటో' వరసగా తలుపు తీస్తాయి. అయితే జాగ్రత్త కూడా కావాలి. 'పెడెస్ట్రియన్'లో ఉన్నది పాదమే. 'పీడియాట్రీషియన్'లో ఉన్నది పాదం కాదు, గ్రీకులో పిల్లవాడు. చెవికి ఒకేలా తగిలినవన్నీ చుట్టాలు కావు. అనుమానం వస్తే మాట పుట్టుక చెప్పే మంచి నిఘంటువు తెరిచి చూసుకోవాలి.

మాటల్ని గుంపులుగా పట్టే అలవాటు మనకు కొత్తదేమీ కాదు. వీధిబడుల్లో పిల్లలు అమరకోశం వల్లించేవారు. ఒక వస్తువుకున్న పేర్లన్నీ ఒకేచోట, శ్లోకంలో. తెలుగు మాటలకైతే పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహము' ఉండేది. ఇప్పటి జీఆర్‌ఈలో ఒక రకం ప్రశ్న ఉంది. ఖాళీలో పెట్టడానికి ఆరు మాటలిస్తారు. ఒకే అర్థం వచ్చేలా వాక్యాన్ని పూర్తి చేసే రెండింటిని పట్టుకోవాలి. అమరకోశం వల్లించిన తాతకు ఆ ప్రశ్న వింతగా అనిపించదు.

చరిత్ర రాయకపోతే డెస్కులో ఊరుకోరు, కనుక గబగబా: పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు గుడ్డల కోసం ఈ రేవుకు వచ్చారు. 1836లో ఇండియాలో దిగిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఇక్కడ స్థిరపడ్డారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీళ్లొచ్చాయి. ఆ దశాబ్దంలోనే సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ పెట్టిన బడి టేలర్ హైస్కూలుగా నిలిచింది. 1949లో వై.ఎన్. కాలేజీ వచ్చింది. నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' అమెరికాలో వెలువడిందీ ఆ ఏడాదే. ధాతువుల దారిలో మాటలు నేర్పే ఆ పుస్తకం ఇవాళ్టికీ తెలుగు పిల్లల చేతుల్లో నలుగుతూనే ఉంది. లూయిస్ ఆ లాటిన్ ముక్కల్ని అమెరికా పాఠకుడికి కొత్తగా పరిచయం చేయాల్సి వచ్చింది. మనవాళ్లకు వాటి చుట్టాలు పదో తరగతి తెలుగు వాచకంలోనే ఉన్నాయి.

చైనా పిల్లలకు ఆ వీలు లేదు. వాళ్ల భాష బయటి మాటను చాలావరకు అర్థంలోకి మార్చుకుని తీసుకుంటుంది. కంప్యూటర్ వాళ్లకు 'విద్యుత్ మెదడు', టెలిఫోన్ 'విద్యుత్ మాట'. మనం కంప్యూటర్ని కంప్యూటర్‌గానే ఇంట్లోకి రానిచ్చాం. వాళ్లకైతే ఇంగ్లిషు మాట విన్నప్పుడు పట్టుకోవడానికి చుట్టపు మాట దొరకడం అరుదు. ఆ కష్టం తెలిసినవాడే యూ మిన్‌హోంగ్. రైతు బిడ్డ. కాలేజీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి, 1980లో, పెకింగ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1993లో బీజింగ్‌లో న్యూ ఓరియెంటల్ కోచింగ్ సంస్థ పెట్టాడు. జీఆర్‌ఈ మాటల మీద ఆయన తెచ్చిన ఎర్ర అట్ట పుస్తకాన్ని చైనా విద్యార్థులు 'ఎర్ర నిధి' అని పిలుచుకుంటారు. ధాతువులతో ఒక దారి, తమ భాష చప్పుళ్లతో ఇంకో దారి, రెండూ కలిపి నేర్చుకోవడం అక్కడ పద్ధతిగా స్థిరపడింది. నరసాపురం అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఆ రెండు దారులూ తొక్కింది. తేడా ఏమిటంటే, వాళ్లు ధాతువుల్ని కూడా మొదటి నుంచీ బట్టీ పట్టాలి. ఈ అమ్మాయికి సగం ముందే వచ్చు.

వచ్చని తనకు ఎవరూ చెప్పలేదు. నన్ను బాధపెట్టింది అదే. తెలుగు క్లాసులో ప్రకృతి వికృతులు చెప్పే మాస్టారు, పక్క గదిలో ఇంగ్లిషు వొకాబులరీ చెప్పే టీచరు ఒక్కసారైనా కలిసి కూర్చుంటే ఎనిమిదో తరగతి పిల్లలకు చిన్న పుస్తకం తయారవుతుంది. నవ–నావిస్, యుగ–సబ్జుగేట్, అగ్ని–ఇగ్నైట్ ఇలా వంద జంటలు చాలు, వాటితోపాటు మోసం చేసే జంటలు ఒక పేజీ. తెలుగు మీడియంలో చదివాం కనుక వెనకబడ్డామని తలదించుకునే పిల్లలకు ఆ పుస్తకం ముందుగా అందాలి. ఇందుకు కొత్త పరిశోధనేదీ అక్కర్లేదు, కావలసినవన్నీ నిఘంటువుల్లో ఉన్నాయి.

బాక్స్: నిఘంటువులో నరసాపురం

నరసాపురం పక్కనే ఉన్న మాధవాయిపాలెం ఇంగ్లిషువాళ్ల నోట 'మడపొల్లం' అయింది. అక్కడి నుంచి ఓడలెక్కిన మెత్తటి సన్నని నూలుగుడ్డకు అదే పేరు స్థిరపడింది. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఈ ఊరి పేరు దొరుకుతుంది. ఫ్రెంచి భాషలోకీ ఆ గుడ్డ పేరు వెళ్లింది. ఈ సంగతి చెబితే నోట్‌బుక్ అమ్మాయి వెంటనే మొదటి గడిలో రాసుకుంది. మూడో గడిలో కొక్కెం అక్కర్లేదంది.

బాక్స్: పరీక్ష మారింది, చదువూ మారాలి

ఒకప్పుడు జీఆర్‌ఈలో మాట ఇచ్చి వ్యతిరేకార్థం అడిగేవారు. బారన్స్ వారి 3,500 మాటల జాబితా వల్లించినవాళ్లకు అది కలిసొచ్చేది. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలు పోయాయి. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టే అడుగుతారు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే. అందులో వెర్బల్‌కు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, మార్కులు 130 నుంచి 170 దాకా. ఈ పద్ధతిలో పెద్ద మాటల కంటే తెలిసిన మాటలే ఎక్కువ దెబ్బ తీస్తాయి. 'హజ్బెండ్' క్రియగా వస్తే పొదుపుగా వాడుకోవడం. 'ఫ్లాగ్' అంటే నీరసించడం. 'చెక్' అంటే అదుపు చేయడం. 'పెడెస్ట్రియన్' విశేషణమైతే ప్రత్యేకత ఏమీ లేని సాదాసీదా వ్యవహారం. వీటికోసం జాబితాలు పనికిరావు. ఇంగ్లిషు పత్రికలో రోజుకో వ్యాసం పూర్తిగా చదివి, తెలిసిన మాట తెలియని అర్థంలో కనిపించిన చోట గీత గీసుకోవాలి.