కొండపల్లి నుండి కొల్లేటి దాకా

“తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు” అని మన పెద్దలనాటి సామెత ఒకటి ఉన్నది. అందులోని మొదటి సగాన్ని నేటి విద్యాలోకం అంగీకరించదు. రెండవ సగాన్ని మాత్రం కొద్దిగా సవరించి స్వీకరించవలసి ఉన్నది. తిరగక చెడటానికి ఆడ, మగ అనే భేదం లేదు. తాను పుట్టిన నేలను కాలినడకన చూడని వారెవరైనా ఆ నేలకు పరాయివారే.

విహారయాత్ర అనగానే మన విద్యార్థుల మనస్సు ఊటీకో, అరకులోయకో పరుగెత్తుతుంది. అందుకు డబ్బు కావాలి, సెలవులు కావాలి, ఇంట్లో పెద్దల అనుమతి కావాలి. ఈ మూడూ సమకూరక యాత్ర తలంపునే మానుకునేవారు ఎక్కువ. కాని విజయవాడలో ఉదయం బస్సెక్కి, చీకటి పడే వేళకు ఇల్లు చేరగలిగినంత దూరంలోనే మనకు కొండ ఉన్నది, నది ఉన్నది, సరస్సు ఉన్నది. వీటిని మూడు వేర్వేరు వినోదస్థలాలుగా కాక, ఒకే కథలోని మూడు అధ్యాయాలుగా చూడవచ్చును. ఆ కథ నీటి కథ. కొండ మీద కురిసిన చినుకు ఏ దారిన పోయి ఎక్కడ నిలుస్తుందో కళ్ళారా చూచి తెలిసికోవటమే ఇక్కడ సూచించబోయే మూడు నడకల ప్రయోజనం.

1830లో మదరాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి గారు దారి పొడుగునా ఊళ్ళను, వసతులను, జనుల నడవడిని గమనించి వ్రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ మనకు విలువైన గ్రంథమైనది ఆ గమనిక వల్లనే. ఉర్దూలో ‘సైర్’ అనే మాటలో నడక, చూపు రెండూ ఇమిడి ఉన్నాయి. చూపు లేని నడక ఒట్టి కాలిశ్రమ మాత్రమే.

మొదటి నడక: కొండ

విజయవాడకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉన్నది. ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం వైపు పోయే బస్సు ఏదెక్కినా కొండపల్లిలో దిగవచ్చును. దుర్గం దాకా వాహనాల కోసం ఘాట్ రోడ్డు ఉన్నది గాని, నడవదలచినవారికి ఊరి వైపు నుండి కొండనెక్కే పాతదారియే తగినది.

ఈ దుర్గం 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలంలో వెలసినది. తరువాత గజపతులు, బహమనీలు, శ్రీకృష్ణదేవరాయలు, గోలకొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, నైజాములు దీనిని వరుసగా ఏలారు. 1766లో ఇది ఆంగ్లేయుల వశమైనది. దర్గా దర్వాజా, గోలకొండ దర్వాజా అనే ద్వారాల పేర్లు, తానీషా మహల్ శిథిలాలు, ఆంగ్ల సైనికుల నివాసాలు ఆ చరిత్రను నేటికీ చెబుతున్నాయి. వీరిలో ఎవరి మతం వారిది, ఎవరి భాష వారిది. కాని కొండనెక్కిన ప్రతివాడూ ముందుగా వెతికినది నీటినే. ఫిరంగుల కంటె ముందు దుర్గాన్ని కాపాడేది కోనేరు. వాననీటిని పట్టి నిలిపే జలాశయాలు ఇక్కడ అందుకే ఉన్నాయి. యాత్రికులు మహలు వద్దనే ఆగిపోక, వాటి దాకా నడిచి చూడవలెను.

కొండపల్లి అనగానే బొమ్మలు గుర్తుకు రావటం సహజం. ఆ బొమ్మకు ప్రాణం తెల్లపొణికి చెట్టు. తేలికైన ఆ కర్రను చెక్కి, విడి భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆపైన రంగులు వేస్తారు. అడవి తరిగితే తెల్లపొణికి తరుగుతుంది, చెట్టుతో పాటు కళ కూడా తరుగుతుంది. అంతేకాదు, చెట్టు వాననీటిని పట్టి నెమ్మదిగా నేలకు ఇస్తుంది. బోడికొండ మీద పడిన వాన ఒక్క పెట్టున పల్లానికి దూకుతుంది.

కొండ మీద నిలిచి చూస్తే ఒకవైపు కృష్ణానది, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఈ కొండల వరుసకు ఆ వైపున కురిసిన నీరు కృష్ణలో కలుస్తుంది. రెండవ వైపున కురిసిన నీరు, మైలవరం ప్రాంతపు కొండల నీటితో కూడి, బుడమేరు అవుతుంది. మన కథకు నాయకుడు, ఒక్కొక్కప్పుడు ప్రతినాయకుడు కూడా, ఈ బుడమేరే.

రెండవ నడక: నది

బుడమేరు సహజంగా విజయవాడ నగరపు ఉత్తర భాగం మీదుగా తూర్పుకు సాగి కొల్లేటిలో పడుతుంది. నగరాన్ని వరద నుండి తప్పించటానికి వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, నీటిలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఇది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలియాలంటే బ్యారేజీ మీద నడవవలెను.

ఇంద్రకీలాద్రి పాదం వద్ద సిటీ బస్సు దిగి, బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు నడవండి. దీని పొడవు 1,223 మీటర్లు. గేట్లు 70. ఈ చోటనే 1852–55 సంవత్సరాలలో పాత ఆనకట్ట నిర్మించబడినది. అది 1952 వరదలో తెగిపోగా, నేటి బ్యారేజీ 1957లో పూర్తి అయినది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దీనికి పెట్టారు. ఇరువైపులా బయలుదేరే కాలువలు సుమారు 13 లక్షల ఎకరాల డెల్టాకు నీరందిస్తున్నాయి. మన కంచంలోని అన్నం మెతుకు ఈ గేట్ల గుండా నడిచి వచ్చినదే.

అక్కడి నుండి ఉండవల్లి గుహలకు నడక కొద్ది దూరమే. కాళ్ళు సహకరించనివారికి తాడేపల్లి మీదుగా బస్సు సదుపాయం కూడా ఉన్నది. విష్ణుకుండినుల కాలానివిగా చరిత్రకారులు భావించే ఈ గుహాలయం నాలుగు అంతస్తులుగా కొండలో తొలచబడినది. లోపల ఏకశిలలో మలచిన అనంతశయన విష్ణుమూర్తి 5 మీటర్లకు పైగా పొడవున్నది. పై అంతస్తు నుండి పచ్చని పొలాలు చూస్తూ కాసేపు కూర్చోండి. కృష్ణ ఈ నేలకు ఏమి ఇచ్చినదో చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

ఇచ్చిన నదియే ఒక్కొక్కప్పుడు దారి మూసివేస్తుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. బ్యారేజీ చరిత్రలో అంతటి ప్రవాహం అంతకు ముందు నమోదు కాలేదు. నది అంత నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని అది ఎట్లా పుచ్చుకుంటుంది? అదే సమయంలో ఎగువ కొండలలో కుండపోతగా వాన కురిసినది. గట్టుకు మూడు చోట్ల గండ్లు పడినవి. నీరు తన పాత దారిని వెతుక్కుంటూ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మీద పడినది. సైన్యం సాయంతో గండ్లను పూడ్చవలసి వచ్చినది. ఆ పేటలలో ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడనివారు. ఏరు పాతదే, దారి కూడా పాతదే. ఆ దారిలో కొత్తగా వచ్చి చేరినవి మన ఇళ్ళు.

మూడవ నడక: సరస్సు

ఇల్లు సర్వనాశనమైతే తెలుగువారు “కొంప కొల్లేరయింది” అంటారు. ఈ నానుడిని పుస్తకంలో చదివిన విద్యార్థి కొల్లేటిని చూచినప్పుడే దాని అర్థం గ్రహిస్తాడు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పెద్ద పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీటిని పుచ్చుకొని, నిండినప్పుడు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపటం దీని పని. వరదనీటికి ఇది ప్రకృతి కట్టిన గాదె.

విజయవాడ నుండి గుడివాడ మీదుగా కైకలూరుకు బస్సులో సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుండి ఆటపాక పక్షికేంద్రం రెండు మూడు కిలోమీటర్ల లోపే. ఉదయపు నడకకు అది హాయి అయిన దూరం. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా అక్కడ గూడబాతుల సందడి చూడదగినది. ముక్కు కింద వేలాడే సంచితో చేపలను పట్టి, గూటిలోని పిల్లలకు అందించే ఆ పక్షులను చూస్తూ పూట గడపవచ్చును. సరస్సులోని పాత ఊళ్ళను చూడగోరేవారు పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోటకు కూడా వెళ్ళవచ్చును.

అయితే పక్షులను మాత్రమే చూచి రావటం సగం చూపే. దారికి అటూ ఇటూ చేపల చెరువులు ఎంత మేర పరచుకొని ఉన్నాయో గమనించండి. సరస్సు గర్భంలోనే గట్లు పోసి చెరువులు చేయటం వల్ల నీటి నడకకు ఆటంకం కలిగినది. 1999లో ప్రభుత్వం అయిదవ కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించినది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా కొల్లేరు గుర్తింపు పొందినది. 2006లో అనేక చెరువుల గట్లను తొలగించారు. చెరువుల మీద బ్రతికే కుటుంబాల జీవనోపాధి ఒకవైపు, సరస్సు ప్రాణం మరొకవైపు ఉన్న ఈ తగవు తేలికైనది కాదు. విద్యార్థి ఏ ఒక్క పక్షం మాటనూ విని తీర్పు చెప్పరాదు. గట్టు మీద నిలిచి నీటిని చూడాలి, బెస్తవారితో మాట్లాడాలి, తరువాతనే అభిప్రాయం ఏర్పరచుకోవాలి. ఒక్క సంగతి మాత్రం వివాదానికి అందనిది. గాదె ఇరుకైతే ధాన్యం వాకిట్లో నిలుస్తుంది. కొల్లేరు ఇరుకైతే నీరు ఎగువన నిలుస్తుంది.

నడకకు కొన్ని నియమాలు

ఈ యాత్రలకు మంచి కాలం నవంబరు నుండి ఫిబ్రవరి. ఎండాకాలంలో కొండ నెక్కవలసి వస్తే తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే దిగిరావలెను. వానలలో కొండదారి జారుడు, ఏటి ఒడ్డు ప్రమాదకరం. ఒంటరిగా పోరాదు. మనిషికి రెండు లీటర్ల నీరు, రొట్టె గాని పులిహోర గాని, తలకు గుడ్డ, కాళ్ళకు గట్టి చెప్పులు ఉంటే చాలును. కోతులున్న చోట తినుబండారాలు బయటకు తీయరాదు. బస్సు దిగగానే చేయవలసిన మొదటి పని తిరుగు బస్సు వేళను కండక్టరును అడిగి వ్రాసుకోవటం. దర్గా వద్దనైనా, ఆలయం వద్దనైనా, అక్కడి మర్యాదను పాటించటం మన సంస్కారం. తీసుకుపోయిన కాగితం, సీసా తిరిగి మన సంచిలోనే రావలెను.

ఆడపిల్లలకు ఒక మాట. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు వెంట ఉంటే చాలును. చార్జీల అడ్డంకి తొలగినది. మిగిలినది ఇంటి గుమ్మం వద్ద ఎదురయ్యే ఆ పాత సామెత మాత్రమే. అధ్యాపికలు వెంట ఉండి తీసుకుపోతే ఏ తల్లిదండ్రులూ కాదనరని నా విశ్వాసం.

కనుక కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. ఏడాదిలో మూడు ఆదివారాలను ఈ మూడు నడకలకు కేటాయించండి. దీనికి ప్రత్యేక నిధి అవసరం లేదు. చరిత్ర, భూగోళం, తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఒక పుస్తకం తెరిచి, చూచిన తేదీ, నీటిమట్టం, పక్షుల సంఖ్య, పెద్దలు చెప్పిన వరదల జ్ఞాపకాలు అందులో ఏటేటా వ్రాయించండి. పదేళ్ళు నడిస్తే ఆ పుస్తకం ఈ ఊరికే ఉపయోగపడుతుంది. రేపు వానాకాలపు రాత్రి పేటలోని వారు “నీళ్ళు ఇటు వస్తాయా?” అని ఆందోళనతో అడిగినప్పుడు, ఏ వైపు నుండి వస్తాయో, ఎటు పోతాయో చెప్పగలిగిన వారొకరు ఆ వీధిలో ఉండాలి. ఆ ఒక్కరు మన విద్యార్థి కావాలి.