వేలిముద్రలు ఎందుకు కలవవు? వాటిని ఎలా గుర్తుపడతారు?

తల్లి కడుపులో ఉండగానే మన వేళ్లపై గీతలు ఏర్పడతాయి. అప్పుడు చర్మం పెరిగే తీరు, దానిపై పడే ఒత్తిడి ఒక్కో వేలికి ఒక్కోలా ఉంటాయి. అందుకే అచ్చం ఒకేలా ఉండే కవలల ముద్రలు కూడా కలవవు.

తరగతిలో ముద్ర తీయడం ఎలా? కాగితంపై పెన్సిల్‌తో నల్లగా రుద్దండి. ఆ పొడిని వేలికి అద్ది, పైన సెల్లోటేపు అంటించి, మెల్లగా తీసి తెల్లకాగితంపై అతికించండి. భూతద్దంతో చూడండి. గీతలు ఒక పక్క మొదలై, మలుపు తిరిగి అదే పక్కకు వస్తే లూప్. సుడి తిరిగితే వోర్ల్. విల్లులా వంగి అవతలి పక్కకు సాగితే ఆర్చ్. ఎక్కువమందిలో కనిపించేది లూప్, అరుదైనది ఆర్చ్.

ముద్రలను ఇలా రకాలుగా విడదీసి మనుషులను గుర్తుపట్టేందుకు 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. బ్రిటిష్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ఎన్నో దేశాల్లో వాడిన వేలిముద్రల వర్గీకరణ వెనుక భారతీయ పోలీసు ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి ఉంది. వాళ్ల పేర్లు మనం గుర్తుంచుకోవాలి.