కృష్ణుడిదొక పద్యం, అర్జునుడిదొక పద్యం: దీన్నేమంటారు?

ఈరోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం: వాకోవాక్యం. పలకడానికి కొంచెం కష్టమే, రెండుసార్లు అనండి, వచ్చేస్తుంది.

ఒకరు ఒక పద్యం అంటారు, ఎదుటివాళ్లు దానికి జవాబుగా ఇంకో పద్యం అంటారు. అంతే, అదే వాకోవాక్యం. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు తాను చదివిన విద్యల పేర్లు చెప్తూ ఈ మాట వాడతాడు. 11వ శతాబ్దంలో భోజుడు దీన్ని శబ్దాలంకారాల్లో చేర్చాడు. రుగ్వేదంలో పురూరవుడు, ఊర్వశి మాట్లాడుకునే సూక్తం ఈ పద్ధతిలోనిదే. గ్రీకు కవి థియోక్రిటస్ అయితే పశువుల కాపరులకు ఇట్లా పోటీ పెట్టాడు. మొదటివాడు ఎత్తుకున్న తీరులోనే రెండోవాడు మించి పాడాలి.

సరే, మన అనంతపురానికి వద్దాం. ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలు రాశారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడంటారు. ఆ గాలి మా పల్లెల దాకా వచ్చింది. నేను వాకోవాక్యం చూసింది పుస్తకంలో కాదు, గుడి ముందర కట్టిన స్టేజీ మీద.

ఆ ఏడు వాన లేదు. శెనక్కాయ చేన్లోనే ఎండింది. చందాలు సగం కూడా రాలేదు. కృష్ణుడికి బయటి నుంచి ఆర్టిస్టును పిలిస్తే డబ్బులు అయిపోయినాయి, అర్జునుడు మా చిన్నాయనే కట్టాల్సి వచ్చింది. నాటకం గయోపాఖ్యానం. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మితే అది అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేసినాడు. సంగతి తెలియక అర్జునుడు వాడికి అభయమిచ్చినాడు. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?

ఆ ఆర్టిస్టు గొంతు ఖంగుమంది. పద్యం చివర రాగం తీస్తే జనం ‘వన్స్ మోర్’ అన్నారు. మళ్లీ పాడినాడు. మళ్లీ ‘వన్స్ మోర్’! మా చిన్నాయన గాండీవం పట్టుకుని అట్లే నిలబడినాడు. నన్నడిగితే ఈ వన్స్ మోరే వాకోవాక్యానికి శత్రువు. దెబ్బ మీద దెబ్బ పడుతుంది, జవాబు మాత్రం రాదు.

పక్కన మా జేజి గట్టిగా అరిచింది: “ఉండండ్రా, వాడేమంటాడో విననీయండి!”

చిన్నాయన పాడినాడు. శ్రుతి రెండుచోట్ల జారింది. హార్మోనియం ఆయన పట్టుకున్నాడు. కానీ శరణన్నవాణ్ణి వదలనని ఆయన అన్నప్పుడు ఊరు చప్పుడు చేయలేదు. పక్కూరి గొడ్లు మా బావి దగ్గరికి నీళ్లకొస్తున్న రోజులవి. వాటిని రానియ్యాలా, వద్దా అని ఊళ్లో రోజూ తగువే.

ఇప్పుడు ఫోన్లో ఈ నాటకం ముక్కలు బోలెడు దొరుకుతాయి. ఎక్కువగా కృష్ణుడి పద్యం ఒక్కటే కత్తిరించి పెడతారు. అది చూసి ఆగిపోకండి. పూర్తి వీడియో వెతికి, అర్జునుడి పద్యం కూడా వినండి. విన్నాక తప్పెవరిదో ఇంట్లో పెద్దవాళ్లనడగండి. మా ఇంట్లో ఇంకా తేలలేదు.