‘ఫార్మాట్’ కొడితే ఊరి కాగితాలు ఏమవుతాయి?

చేవెళ్ల: బ్యాంకు రుణానికి ఆధార్ నకలు కావాలన్నా, పిల్లవాడి స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధృవపత్రం కావాలన్నా, భూమి పనికి పట్టాదారు పాసుపుస్తకం నకలు కావాలన్నా చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల గ్రామాల వారు ముందుగా ఎక్కేది జిరాక్స్ దుకాణం మెట్లే. అక్కడ బల్ల మీద ఏళ్లనాటి కంప్యూటర్ ఒకటి వుంటుంది. వచ్చినవారి కాగితాలు స్కాన్ చేసి అందులో వేయడం, ఫోను నుంచి పంపినవి అందులోకి దించుకోవడం పరిపాటి. పని అయిపోయాక వాటిని తీసివేసే తీరిక ఎవరికీ వుండదు. ఆ విధంగా పంచాయతీ కార్యాలయం బీరువాలో కూడా దొరకనన్ని కాగితాలు ఆ చిన్న పెట్టెలో పేరుకుపోతున్నాయి.

ఇటువంటి పాత యంత్రాలకు ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం ‘విండోస్’లో ఎక్స్‌పీ రకానికి 2014 ఏప్రిల్ 8న, విండోస్-7కు 2020 జనవరి 14న, విండోస్-10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతు నిలిపివేసింది. గడువు తీరినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. వైరస్‌లు చొరబడకుండా కంపెనీ ఉచితంగా పంపుతూ వచ్చిన మరమ్మతులు మాత్రం ఆగిపోతాయి. అసలే నెమ్మదించిన యంత్రం, పైగా ఈ భయం. బాగుచేసేవారిని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టి మళ్లీ వేసేద్దాం’.

అదేమంత పెద్ద పని కూడా కాదు. ఒక పూటలో తేలిపోతుంది. చిక్కంతా మరోచోట వుంది. తొందరపడి చేసిన ఫార్మాట్‌లో పోకూడనివి పోతాయి, పోవలసినవి పోవు.

ఇదెలాగో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. హార్డ్‌డిస్కును ఊరి భూమి అనుకుంటే, దానిని సి, డి అని విడగొట్టిన భాగాలు గట్లు. ఏ కాగితం ఏ చోట వున్నదో చెప్పే పట్టిక పహాణీ. ‘క్విక్ ఫార్మాట్’ అనేది పహాణీని చించివేయడం వంటిది. పేర్లు పోతాయి గాని చేలో పైరు అలాగే నిలబడి వుంటుంది. ఆ చోట మళ్లీ దున్ని కొత్త విత్తనం వేసేదాకా, అంటే కొత్త సమాచారం దాని మీద పడేదాకా, పాతది చాలావరకు పదిలమే. పోయిన వాటిని వెలికి తీసే ప్రోగ్రాములు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అంటే దుకాణదారు ‘అంతా తుడిచేశా’ననుకుని పాత సామాన్ల బండికి అమ్మిన డిస్కులోంచి మీ సంతకం, సర్వే నెంబరు, ఆధార్ నకలు మూడూ బయటపడే అవకాశం వున్నది.

ఇక్కడ దీని తీవ్రత మరికాస్త ఎక్కువ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111 జీవో 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ ప్రాంతపు గ్రామాలు అనేకం ఆ జాబితాలో వున్నాయి. ఆంక్షలు వున్నా, సడలినా భూమి బేరాలు మాత్రం ఆగలేదు. ఎకరం కోట్లు పలికే చోట పాసుపుస్తకం నకలు చిత్తుకాగితం కాదు.

ఐబీఎం కంపెనీ 1956లో తెచ్చిన తొలి హార్డ్‌డిస్కు యంత్రం రెండు ఫ్రిజ్‌లంత వుండేది. అందులో రెండడుగుల వెడల్పు పళ్లాలు 50 తిరుగుతుంటే పట్టినవి 50 లక్షల అక్షరాలే. ఇవాళ సెల్‌ఫోనుతో తీసిన పాసుపుస్తకం ఫొటో ఒకటో రెండో పెడితే అది నిండిపోతుంది. నేటి డిస్కులో అటువంటివి లక్షల్లో పడతాయి గనుక ఏమున్నదో యజమానికే గుర్తుండదు. పోకూడనివి పోయేది అందుకే.

సాధారణంగా ‘డి’ భాగంలో వేసుకున్నాం, భయం లేదనుకుంటారు. సి, డి రెండూ ఒకే డిస్కు మీది గట్లేనని మరువరాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద ఆ పేర్లు కనపడక, వట్టి అంకెలే కనపడి, ఒకదానికి బదులు మరొకటి తుడిచిపెట్టిన సందర్భాలు కొత్తేమీ కాదు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో వున్నవన్నీ మామూలుగా సి భాగంలోనివేనని కూడా చాలామందికి తెలియదు. కాబట్టి అవసరమైనవి మరో డిస్కులోకి ఎక్కించాలి. ఎక్కించి ఊరుకోరాదు. వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు తెరిచి చూశాకే పాతది ముట్టుకోవాలి.

తెలుగు టైపు చేసేవారికి ఇంకో గండం వున్నది. పెళ్లి శుభలేఖలు, అర్జీలు, సంఘాల తీర్మానాలు డీటీపీ దుకాణాలలో ఎన్నో ఏళ్లుగా ‘అను’ అక్షరాలలో కొడుతూ వచ్చారు. ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది నిజానికి ఇంగ్లీషు గుర్తుల సంకేతాలనే. వాటిపై తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటు. ఫార్మాట్‌తో ఫాంటు పోయిందంటే ఫైలు భద్రంగానే వుంటుంది, తెరిస్తే మాత్రం పిచ్చిగీతలు. కాబట్టి అను ప్రోగ్రాం సీడీ, దాని తాళం ముందే వెతికి పెట్టుకోవాలి. 1991 నాటి యూనికోడ్ పట్టికలోనే తెలుగుకు సొంత సంకేతాలు వచ్చాయి. 2001లో ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. ఆ పద్ధతిలో కొట్టినవాటికి ఈ బెడద లేదు. ముఖ్యమైన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్పించుకోవడం మేలు. ప్రింటరుకు, వేలిముద్ర యంత్రానికి కావలసిన డ్రైవర్లు కూడా ముందే దించి పెట్టుకోకపోతే మరునాడు దుకాణం తెరిచినా పని జరగదు.

ఇక మళ్లీ ఏది వేయించాలి? విండోస్-11 అన్నింటికీ పట్టదు. 4 జీబీ మెమొరీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరందో, ఆ తర్వాతిదో అయి వుండాలి. దొంగ కాపీ వేసి ‘నడుస్తుంది లెండి’ అనే వారి మాట వింటే, కన్నం వేసినవాడికే తాళంచెవి ఇచ్చినట్లే. ఇంట్లో పిల్లల చదువుకు వాడే పాత యంత్రానికి ఉచితంగా దొరికే లినక్స్ చాలా నయం. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే కనిపించే లినక్స్ రూపం కూడా తయారు చేసింది. అను, ట్యాలీ, వేలిముద్ర యంత్రాల మీద బతికే దుకాణానికి మాత్రం అది అంత సులువుగా కుదరదు.

లినక్స్ వల్ల మరో మేలున్నది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీద నుంచే దానిని నడపవచ్చు. తెరుచుకోని కంప్యూటర్‌లో డిస్కు బాగానే వుంటే ఫైళ్లను ఈ దారిన బయటికి తీసుకోవచ్చు. ఆ సంగతి చూడకుండానే ‘పోయింది, ఫార్మాటే గతి’ అంటే ఒప్పుకోరాదు.

అన్నిటికంటే తెలివైన మార్గం అసలు పాత డిస్కును ఫార్మాటే చేయకపోవడం. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి కొని, దానిలో కొత్తగా సిస్టం వేయించి, పాత డిస్కును ఊడదీసి పక్కన పెట్టుకోవాలి. తిరిగే పళ్లాల డిస్కుతో పోలిస్తే ఎస్ఎస్‌డీ ఎన్నో రెట్లు చురుకైనది. పాత కంప్యూటర్ మందకొడితనంలో పెద్ద పాలు ఆ డిస్కుదే. కొద్ది ఖర్చుతో అటు వేగం, ఇటు భద్రం రెండూ దక్కుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒక్కసారి బస్సెక్కితే పని అవుతుంది.

నెలా రెండు నెలలు గడిచి, మరిచిపోయినవేమీ లేవని తేలాక పాత డిస్కు సంగతి చూడాలి. దానిని అమ్మేటట్లయితే ‘క్విక్’ అన్న చోట టిక్కు తీసి పూర్తి ఫార్మాట్ చేయాలి. విస్టా నుంచి వచ్చిన విండోస్‌లలో అది డిస్కంతా సున్నాలు రాస్తుంది. దానికి గంటలు పడుతుంది, పట్టనివ్వాలి. ఎక్స్‌పీలో మాత్రం పూర్తి ఫార్మాట్ కూడా పాత సమాచారాన్ని చెరపదు. పనిచేయని డిస్కైతే డ్రిల్లుతో లోపలి పళ్లాలకు తూట్లు పొడిపించాకే పాత సామాన్లలో వేయాలి.

పని తీరిన తర్వాత వ్యక్తుల సమాచారాన్ని చెరిపివేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నది. చట్టం మాట అటుంచి, నకలు తీయించుకున్నవారే అడగడం మేలు. ఆధార్‌లో చివరి 4 అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్’ నకలు సరిపోయే చోట అదే ఇవ్వవచ్చు. కాగితం చేతికి రాగానే ‘అన్నా, నాది తీసెయ్, రీసైకిల్ బిన్‌లోంచి కూడా’ అని అక్కడే నిలబడి తీయించాలి. వాట్సాప్‌లో పంపివుంటే అందులోనిదీ, డౌన్‌లోడ్స్‌లోనిదీ రెండూ చూడాలి.