చెన్నపట్నంలో మనవాళ్ల జాడలు

పెళ్లి పట్టుచీరలకని చెన్నై టి.నగర్ వెళ్లే తెలుగువాళ్లకు ఇప్పటికీ కొదవలేదు. ఆ పొడి అక్షరం వెనకున్నది జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. పక్కనే పానగల్ పార్కు. కాళహస్తిలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా పేరు దానికి. ఇద్దరూ తెలుగువాళ్లే.

అసలు ఊరు పుట్టుకలోనే మనవాళ్లున్నారు. 1639లో ఈ ఇసుక తీరాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు. ఆ మంతనాల్లో దుబాసీగా బేరి తిమ్మన్న పేరు వినిపిస్తుంది. బట్టల బేరం కోసం దిగిన తెల్లదొరలకు సరుకు కుదిర్చి పెట్టడానికి కోమట్లు, బేరిచెట్లు, బలిజలు కోట పక్కనే కాపురాలు పెట్టారు. జార్జిటౌన్‌లో తంబుచెట్టి, లింగిచెట్టి వీధులు ఆనాటి వర్తకుల గుర్తులే.

డబ్బు ఒక ఎత్తు, అచ్చు మరో ఎత్తు. 1854లో మొదలైన వావిళ్లవారి ముద్రాక్షరశాల లేకపోతే మన కావ్యాలు ఎన్ని ఇళ్లకు చేరేవో! కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికను 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం పత్రికలకు, పుస్తకాలకు, ఉద్యమాలకు పోయింది. అలాంటి పెట్టుబడిదారు మళ్లీ దొరకలేదు మనకు! 1947 జూలైలో చందమామ వచ్చిందీ ఈ ఊరి నుంచే. వడపళని వాహినీ స్టూడియోలో 'మాయాబజార్' తయారై 1957లో విడుదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం విడిపోయి నాలుగేళ్లు. సినిమావాళ్లు మాత్రం తొందరపడలేదు, హైదరాబాద్‌కు పూర్తిగా మారడానికి దశాబ్దాలు తీసుకున్నారు.

రాష్ట్రం గొడవలో 'మద్రాసు మనదే' అన్నారు. మద్రాసు మీద పట్టు వదిలితేనే ఆంధ్ర రాష్ట్రమని 1949లో కాంగ్రెస్ వారి జేవీపీ కమిటీ తేల్చింది. ఆ కమిటీలో 'పి' అంటే మన పట్టాభి సీతారామయ్యే! నగరంలో ఎక్కువమంది తమిళులు కాబట్టి మన వాదం నిలిచేది కాదని నా అభిప్రాయం. ఊరు దక్కలేదన్న రోషంతో అక్కడి మన చరిత్రనూ వదిలేసుకోవడమే తప్పు. త్యాగరాజ కీర్తన లేనిదే డిసెంబరు కచేరీ సాగదు. తెలుగు రాని శ్రోతలే దాన్ని చెవులప్పగించి వింటున్నారు.

ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్నది మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబరు 15న అక్కడే కన్నుమూశారు. ఆ ఇల్లిప్పుడు స్మారక భవనం. కపాలీశ్వరుడి దర్శనానికి మైలాపూరు వెళ్తే, పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికీ వెళ్లి రండి.