వీధి క్షేమము - ఇల్లాండ్ర పూనిక

ఇంటిని చక్కబెట్టుకొనుట ఇల్లాలి నేర్పని పెద్దలు చెప్పుదురు. వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టిన పిమ్మట, ఆ ముగ్గునకు బారెడు దూరమున మూతలేని గొయ్యి యున్నచో దాని మాట యెవరికి పట్టవలెను? "అది మునిసిపాలిటీవారి పని" యని పలువురు తలుపు వేసికొందురు. పూడ్చుట వారి పనియే. కాని గొయ్యి యిచ్చట నున్నదని వారికి తెలియజేయుట వీధిలోనివారి పని. ఈ రెండవ పనిని గూర్చి మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

వీధిని స్త్రీలకంటె నెక్కువగా నెరిగినవారు అరుదు. పిల్లలను బడికి దిగవిడుచుట, కూరలు తెచ్చుట, అత్తగారిని వైద్యుని యొద్దకు చేయిపట్టి నడిపించుట పెక్కిండ్లలో వారి వంతే. ఏ బండ కదలుచున్నదో, ఏ దీపము వెలుగదో, ఏ మలుపున బండ్లు వేగము తగ్గింపవో వారికి తెలిసినట్లు కార్యాలయములో కూర్చుండు ఇంజనీరునకు తెలియదు.

ఉపేక్షకు ఫలమెట్టిదో చూడుడు. 2023 ఏప్రిల్ 29వ తేదీన సికిందరాబాదు కళాసిగూడలో, వానవేళ పాలకై వెడలిన బాలిక యొకతె తెరచియున్న కాలువలో బడి ప్రాణము విడిచెను. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు. అనగా దినమునకు సుమారు 90 మంది.

కాలిబాట నడుగుట యాచన కాదు. అది రాజ్యాంగము 21వ అధికరణమున గల జీవించు హక్కులోని భాగమని సుప్రీము కోర్టు 2025 మే 14న పలికినది. ఇండియను రోడ్స్ కాంగ్రెసువారి 2012 నాటి నియమముల ప్రకారము కాలిబాటకు అడ్డములేని వెడల్పు 1.8 మీటరులకు, అనగా ఇంచుమించు ఆరడుగులకు, తగ్గరాదు. ఎత్తు 150 మిల్లీమీటరులకు, అనగా ఆరంగుళములకు, మించరాదు. వృద్ధురాలు ఊతలేక ఎక్కలేని గట్టు కాలిబాట యనిపించుకొనదు.

ఇక ఫిర్యాదు వ్రాయు విధము. "మా వీధి బాగులేదు, దయచేసి చూడుడు" అని వ్రాసినచో ఫలము లేదు. ఎచ్చటికి రావలెనో వారికి తెలియదు. "ఫలాని వీధిలో, రామాలయమున కెదుట, ఫలాని సంఖ్యగల కరెంటు స్తంభము ప్రక్కన, మూత పగిలి రెండడుగుల లోతు గొయ్యి యున్నది. ఉదయము 8 గంటలకు బడిపిల్లలు నడచు త్రోవ. వాన కురిసినచో గొయ్యి నీటిలో కానరాదు" అని వ్రాయవలెను. చోటు, గుర్తు, కొలత, అపాయము - ఈ నాలుగును ఉండవలెను. సెల్‌ఫోనుతో రెండు ఛాయాచిత్రములు తీయుడు. ఒకటి గొయ్యిది, మరియొకటి చుట్టుపట్ల ఆనవాలు తెలియునట్టిది.

ఎవరికి పంపవలెనో యెరుగుట సగము పని. కాలిబాట, వీధిదీపము, వాననీటి కాలువ నగరపాలక సంస్థవి. హైదరాబాదులో మురుగునీటి మ్యాన్‌హోలు మూత జలమండలిది. వారి ఫోను 155313. వ్రేలాడు తీగకు విద్యుత్ సంస్థవారి 1912, జాతీయ రహదారికి 1033. కూడలిలోని సిగ్నలు, అడ్డముగా నిలిపిన బండ్లు ట్రాఫిక్ పోలీసువారి పాలు.

ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి, పాలపద్దు వ్రాసికొను పుస్తకముననే తేదీతో వ్రాసియుంచుడు. సంఖ్య లేని ఫిర్యాదు గాలిలో మాట. పని జరుగకయే "పరిష్కరింపబడినది" అని జాబు వచ్చినచో క్రొత్త ఛాయాచిత్రముతో మరల పంపుడు. తెలంగాణములో సోమవారపు ప్రజావాణిలోను, ఆంధ్రప్రదేశములో సోమవారములందు కలెక్టరు కార్యాలయములలోను అర్జీ నీయవచ్చును. అదియు ఫలింపనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. పది రూపాయల రుసుముతో "మా ఫలాని సంఖ్యగల ఫిర్యాదుపై ఏ తేదీన ఏమి చేసితిరి?" అని యడిగినచో 30 దినములలో ఉత్తరమీయవలెను. తెలియదను మాట అటుపిమ్మట చెల్లదు. రాతపూర్వకముగా తెలిపిన అపాయమునకు జవాబుదారీ యేర్పడును. ఫిర్యాదునకు గల బలమంతయు ఇదియే.

మనవైపు నుండియు కొంత దిద్దుబాటు కావలెను. కొందరు కాలిబాటపై మెట్లు కట్టుదురు, పూలకుండీలు పెట్టుదురు, స్కూటరు నిలుపుదురు. వాననీరు పోవుటకై మ్యాన్‌హోలు మూతను తామే తీయువారును కలరు. ఆ నీటిలో నడచువాని కది మృత్యుముఖమే. అట్టి పని ఎన్నడును చేయరాదు. మూత పగిలినచో బాగుచేయువరకు ఎర్రగుడ్డ కట్టిన కఱ్ఱ నొకటి అచ్చట కనబడునట్లు నిలుపుడు.

"ఆడువారి కీ గొడవ యేల?" అను మాట వినబడవచ్చును. 2020 హైదరాబాదు ఎన్నికలలో 150 స్థానములలో సగము స్త్రీలకే ప్రత్యేకింపబడెను. సభలో కూర్చుండ దగిన స్త్రీ, సభకు జాబు వ్రాయ తగదా? ఒంటరిగా జంకు కలిగినచో ఇరుగుపొరుగు ఐదుగురు కలిసి సంతకములు చేయుడు. ఈ వారముననే మీ ఇంటి నుండి బడివరకు ఒకమారు నడచి చూచి, కనబడిన అపాయములలో మొదటిదానిని వ్రాసి పంపుడు. పోస్టుకార్డు వ్రాసినంత శ్రమ. దానివలన నిలుచునది ఒక పసిప్రాణము కావచ్చును.